ఇష్టమైన ఎలక్ట్రానిక్ ఆల్బమ్‌ను కొత్తగా వినడం ఎలా

మనకు బాగా ఇష్టమైన ఆల్బమ్‌నే ఎక్కువసార్లు పెడతాం, దాన్నే తక్కువ శ్రద్ధగా వింటాం. పని చేసుకుంటూ, నడుస్తూ, నిద్ర పట్టనప్పుడు, ఎప్పుడూ అదే. ఎలక్ట్రానిక్ సంగీతం విషయంలో ఇది మరీ ఎక్కువ. పాటలో మాటలుంటే మనసు అప్పుడప్పుడైనా వాటి మీదికి పోతుంది. మాటల్లేకుండా ఒకే బీట్ మీద ఏడు నిమిషాలు సాగే ట్రాక్ అయితే రెండో నిమిషానికే మన ధ్యాస వేరే చోటికి వెళ్లిపోతుంది. అందుకే ఎవరైనా "అంతా ఒకేలా ఉంది కదా, ఇందులో ఏముంది?" అంటే ఇబ్బందిగా నవ్వి ఊరుకుంటాం. నచ్చిందని తెలుసు, ఏం నచ్చిందో చూపించలేం.

నిజానికి అంతా ఒకేలా ఉండదు. మారేది వేరే చోట ఉంటుంది. ఈ సంగీతంలో చాలాసార్లు స్వరం అలాగే ఉంటుంది, దాని గొంతు, అంటే ఆ శబ్దపు గుణం, మారుతుంది. ఆ మార్పు నెమ్మదిగా, మనం చూడని పక్క నుంచి వస్తుంది. దాన్ని పట్టుకోవడానికి ఏం చేయాలో వరసగా చెబుతాను. మీకు ఇష్టమైన ఆల్బమ్ ఒకటి ఎంచుకుని చదవండి. నేను చెప్పే ఉదాహరణలు వేరేవైనా పద్ధతి ఒకటే.

ముందు ప్లేయర్ సంగతి చూడండి

యాప్‌లో షఫుల్ తీసేయండి. ఇది అందరికీ తెలిసిందే. తెలియకుండా పాడుచేసేవి వేరే ఉంటాయి. క్రాస్‌ఫేడ్ ఆన్‌లో ఉంటే ఒక ట్రాక్ చివర, ఇంకో ట్రాక్ మొదలు కలగలిసిపోతాయి. దాన్ని సున్నా చేయండి. గ్యాప్‌లెస్ అనే ఆప్షన్ ఉంటే ఆన్ చేయండి. ఒకదాంట్లోంచి ఒకటి ఆగకుండా సాగే ఆల్బమ్‌లలో అర సెకను ఖాళీ వచ్చినా లయ తెగిపోతుంది. బేస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేయండి. వాల్యూమ్ నార్మలైజేషన్ అనేది మెల్లగా ఉండాల్సిన ట్రాక్‌నీ గట్టిగా ఉండాల్సిన ట్రాక్‌నీ ఒకే స్థాయికి తెచ్చేయొచ్చు, దాన్నీ ఆపండి. ఆటోప్లే ఆపడం మాత్రం మర్చిపోకండి. ఆల్బమ్ అయిపోగానే యాప్ తనకు తోచిందేదో మొదలుపెడితే చివరి ట్రాక్ ప్రభావం అంతా గాలికి పోతుంది.

ఫోన్ స్పీకర్ మీద ఈ పని కుదరదు. రోలాండ్ టీఆర్-808 డ్రమ్ మెషీన్‌లోని కిక్, అంటే లోతైన డ్రమ్ దెబ్బ, శబ్దం సుమారు 50 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్‌లోని చిన్న స్పీకర్ అంత కిందికి దిగలేదు. మీకు వినిపించేది ఆ దెబ్బ పైభాగం మాత్రమే, అసలు బరువు వినిపించదు. అలాగని వేలు ఖర్చుపెట్టి హెడ్‌ఫోన్స్ కొనమని నేను చెప్పను. చెవికి సరిగ్గా కుదురుకునే మామూలు ఇయర్‌ఫోన్స్ చాలు. సరిగ్గా కుదరకపోతే ఎంత ఖరీదైనవైనా బేస్ కారిపోతుంది. స్పీకర్లు ఉంటే రెండింటి మధ్య ఎంత దూరం ఉందో, మీకూ వాటికీ అంతే దూరం ఉండేలా కూర్చోండి. గది మూలల్లో పెడితే బేస్ ఉబ్బినట్టు వినిపిస్తుంది, కాస్త ముందుకు జరపండి.

వాల్యూమ్ దగ్గర ఒక చిక్కుంది. తక్కువ వాల్యూమ్‌లో మన చెవికి బేస్ బాగా తక్కువగా వినిపిస్తుంది. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. కాబట్టి మరీ మెల్లగా పెట్టుకుంటే ఆల్బమ్‌లో సగం పోతుంది. మరీ గట్టిగా పెడితే చెవులే పోతాయి. పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు వినేట్టయితే 80 డెసిబెల్స్ దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆల్బమ్‌లో అన్నిటికన్నా గట్టిగా ఉండే చోటు పెట్టి, అక్కడ హాయిగా ఉండేంత వాల్యూమ్ చూసుకుని, ఇక చివరిదాకా దాన్ని ముట్టుకోకండి.

ఒకసారి మొత్తంగా

మొదటి విడత ఏమీ విశ్లేషించకండి. ఫోన్ బోర్లించి, మొదటి ట్రాక్ నుంచి చివరిదాకా వినండి. మనసు పక్కకు పోతే పోనివ్వండి, గమనించగానే వెనక్కి తెచ్చుకోండి. ఎక్కడ పోయిందో గుర్తుపెట్టుకుంటే మాత్రం మంచిది, తర్వాత పనికొస్తుంది.

పాత ఆల్బమ్ అయితే ఒక విషయం తెలుసుకుని వినండి. ఎల్‌పీ రికార్డుకు రెండు వైపులుంటాయి, ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు కాస్త అటూ ఇటూ పడుతుంది. ఆల్బమ్ రూపం ఆ కొలతను బట్టే వచ్చింది. జర్మన్ బృందం క్రాఫ్ట్‌వెర్క్ 1974లో విడుదల చేసిన ఆటోబాన్‌లో ఆ పేరుతో ఉన్న ట్రాక్ ఒక్కటే ఒక వైపంతా, 22 నిమిషాలకు పైగా, ఆక్రమిస్తుంది. ఫ్రెంచ్ సంగీతకారుడు జాన్ మిషెల్ జార్ 1976లో చేసిన ఆక్సిజెన్‌లో ఆరు భాగాలు, వైపుకు మూడు. మూడో భాగం అయ్యాక రికార్డు తిప్పడానికి శ్రోత లేచేవాడు. స్ట్రీమింగ్‌లో ఆ విరామం మాయమైంది. మీ ఆల్బమ్ ఆ కాలానిదైతే వైపు ఎక్కడ మారుతుందో చూసి, అక్కడ మీరే ఓ అర నిమిషం ఆపండి. రెండో వైపు మొదటి ట్రాక్ ఎందుకు అంత ఠపీమని మొదలవుతుందో అప్పుడు అర్థమవుతుంది. సీడీలు వచ్చాక 74 నిమిషాల దాకా చోటు దొరికింది, ఆల్బమ్‌లు సాగాయి. ఆ సాగదీతలో కొన్ని నిజంగానే పలచబడ్డాయి కూడా. మీ ఇష్టమైన ఆల్బమ్‌లో అలాంటి ట్రాక్ ఉంటే ఒప్పుకోవడంలో తప్పేం లేదు.

ఒక్కో పొర

ఇప్పుడు ఒక్క ట్రాక్ తీసుకోండి. అన్నిటికన్నా ఇష్టమైనది వద్దు, అది మనసులో మరీ అరిగిపోయి ఉంటుంది. ఎప్పుడూ పెద్దగా పట్టించుకోనిది, ఇందాక మనసు పక్కకు పోయిన చోట ఉన్నది తీసుకోండి.

మొదట వేగం తెలుసుకోండి. 15 సెకన్లలో ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్ని బీట్లో వస్తుంది. హౌస్ అనే డాన్స్ సంగీతం ఎక్కువగా 120కీ 130కీ మధ్య ఉంటుంది, డ్రమ్ అండ్ బేస్ అనే శైలి 170 ప్రాంతంలో పరిగెడుతుంది. నిమిషానికి 120 అనుకుంటే నాలుగు బీట్ల ఆవర్తనం ఒకటి సరిగ్గా రెండు సెకన్లు. ఎనిమిది ఆవర్తనాలకు 16 సెకన్లు. డాన్స్ కోసం చేసిన ట్రాక్‌లలో మార్పులు చాలావరకు ఈ ఎనిమిది, పదహారు ఆవర్తనాల గడువుల దగ్గరే జరుగుతాయి. ఈ లెక్క చేతిలో ఉంటే మార్పు వచ్చే ముందే చెవి సిద్ధంగా ఉంటుంది. ఊహించిన చోట రాకపోతే ఇంకా బాగుంటుంది, అక్కడ కళాకారుడు మనతో ఆడుకుంటున్నాడన్నమాట.

ఇక ట్రాక్ పెట్టి కిక్ డ్రమ్ ఒక్కదాన్నే వెంబడించండి. మిగతావి వినిపిస్తున్నా వాటి జోలికి పోవద్దు. మళ్లీ మొదటి నుంచి పెట్టి ఈసారి హై-హ్యాట్, అంటే "టిస్ టిస్" మనే సన్నటి తాళం శబ్దం. ఆ తర్వాత బేస్. చివరగా వెనకాల పరుచుకుని ఉండే పొడవాటి శబ్దాలు. ప్రతిసారీ ఓ కాగితం మీద సమయాలు రాసుకోండి. 120 వేగంలో ఉన్న ట్రాక్‌కి ఆ కాగితం ఇలా ఉండొచ్చు:

0:00 కిక్ ఒక్కటే
0:32 హై-హ్యాట్ చేరింది
1:04 బేస్ వచ్చింది, మూసుకున్నట్టుంది
2:08 బేస్ తెరుచుకుంది, హై-హ్యాట్ పోయింది (ఎప్పుడు పోయిందో?)

ఆ చివరి ప్రశ్న దగ్గరే అసలు సాధన ఉంది. వచ్చేదాన్ని ఎవరైనా గుర్తుపడతారు. పోయేదాన్ని గుర్తుపట్టడం కష్టం. మంచి ప్రొడ్యూసర్లు కొత్త శబ్దం తెస్తున్న క్షణంలోనే పాతదాన్ని తప్పిస్తారు, మనం కొత్తదాని వైపు చూస్తుండగా అది జారుకుంటుంది. ఒక్కసారి ఈ దొంగతనం పట్టుకున్నారంటే ఆ ట్రాక్ మీకు ముందులా వినిపించదు.

మొదటి నిమిషమంతా ఉత్త డ్రమ్ములే ఉంటే విసుక్కోకండి. క్లబ్బుల్లో డీజే ముందున్న రికార్డు నుంచి తర్వాతి రికార్డుకి ఆగకుండా మారాలి. రెంటి దరువులూ కలిపి నడిపించడానికి ఆ ఖాళీ కావాలి, చివర కూడా అందుకే అలాగే ఉంటుంది. అదే సంగీతాన్ని ఇంట్లో వినడానికి చేస్తే ఆ అవసరం లేదు. వార్ప్ రికార్డ్స్ అనే బ్రిటిష్ రికార్డు సంస్థ 1992లో ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అనే సంకలనం తెచ్చినప్పుడు కవర్ మీద కుర్చీలో వెనక్కి వాలిన ఒక రోబోను పెట్టింది. ఇది కూర్చుని వినే సంగీతం అని బొమ్మతోనే చెప్పేసింది. మీ ఆల్బమ్ ఈ రెండింటిలో ఏ కోవదో ఆలోచించండి. క్లబ్ కోసం చేసిందైతే కుర్చీలో కూర్చుని తీర్పు చెప్పడం అన్యాయం. లేచి నిలబడి వినండి, వీలైతే కాస్త కాళ్లు కదపండి, ఎవరూ చూడట్లేదు కదా.

గొంతు మారడం

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది ఫిల్టర్. పక్క గదిలో పాట మోగుతోంది, తలుపు మూసి ఉంది. బేస్ గుబగుబలాడుతూ వినిపిస్తుంది, పైస్వరాలు వినిపించవు. తలుపు మెల్లగా తీస్తే పాట అదే, కానీ పదును వస్తుంది, మెరుపు వస్తుంది. సింథసైజర్‌లో, అంటే శబ్దాలను ఎలక్ట్రానిక్‌గా పుట్టించే వాయిద్యంలో, ఫిల్టర్ చేసేది ఇదే. కటాఫ్ అనే నాబ్ ఆ తలుపుని ఎంత తీయాలో చెబుతుంది. రెజొనెన్స్ అనే ఇంకో నాబ్, కోసే చోట ఉన్న స్వరాన్ని గట్టిపరుస్తుంది, దాంతో శబ్దానికి ఓ ఈల లాంటి, కీచుమనే గుణం వస్తుంది.

దీన్ని వినడం నేర్చుకోవడానికి రోలాండ్ టీబీ-303ని మించింది లేదు. 1980ల మొదట్లో వచ్చిన ఈ చిన్న పెట్టె అసలు ఉద్దేశం బేస్ గిటార్ వాయించేవాళ్లు దొరకనప్పుడు ఆ లోటు తీర్చడం. నిజం బేస్ గిటార్‌లా అస్సలు వినిపించలేదు, అమ్ముడుపోలేదు, 1984కల్లా తయారీ ఆగిపోయింది. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరకడంతో షికాగో కుర్రాళ్ల చేతిలో పడింది. ఫ్యూచర్ అనే బృందం 1987లో విడుదల చేసిన యాసిడ్ ట్రాక్స్‌లో స్వరాలు దాదాపు మారవు, నాబ్‌లు తిరుగుతుంటాయి, అంతే. పదకొండు నిమిషాలకు పైగా అదే. యాసిడ్ హౌస్ అనే ధోరణి అంతా దాని వెనకాలే వచ్చింది.

దానికి ఐదేళ్ల ముందే, 1982లో, ముంబై సినిమా రికార్డింగుల్లో వాయించే చరణ్‌జీత్ సింగ్ అదే టీబీ-303ని, టీఆర్-808ని, జూపిటర్-8 సింథసైజర్‌ని కలిపి పది హిందుస్తానీ రాగాలను డిస్కో బీట్ మీద వాయించి రికార్డు చేశాడు. ఆల్బమ్ పేరు సింథసైజింగ్: టెన్ రాగాస్ టు ఎ డిస్కో బీట్. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్లీ విడుదలైనప్పుడు ప్రపంచం ముక్కున వేలేసుకుంది. యాసిడ్ హౌస్‌ని మొదట కనిపెట్టింది ఈయనే అని ఒకటే వాదోపవాదాలు. ఎవరు ముందు అన్న గొడవ వినడానికి ఏమాత్రం సాయపడదని నా అభిప్రాయం. దాన్ని వదిలేసి ఆల్బమ్‌లోని భూపాలి ట్రాక్ పెట్టండి. భూపాలి అంటే మన మోహనమే. ఎన్నో సినిమా పాటల్లో విన్న ఐదు స్వరాలు, కాబట్టి రాగం మీద దృష్టి పెట్టాల్సిన పని ఉండదు, చెవి ఖాళీగా ఉంటుంది. కింద పరిగెత్తే బేస్ వరసను మాత్రమే పట్టుకోండి. అది ఎక్కడైనా ఒక స్వరం నుంచి ఇంకోదానికి జారుతోందా, కొన్ని స్వరాలు ఒత్తి పలుకుతున్నాయా? టీబీ-303లో ఈ జారుడుకి, ఈ ఒత్తుకి విడిగా ఏర్పాటు ఉంది, యంత్రం గమకానికి కాస్త దగ్గరగా రాగలిగేది దీని వల్లే. భూపాలి అయ్యాక మాల్కౌంస్ వినండి, అది మన హిందోళం. తోడి అని రాసి ఉన్నదాంట్లో మాత్రం మన తోడిని వెతక్కండి, అది మన శుభపంతువరాళికి దగ్గర.

ఇప్పుడు మీ ఆల్బమ్‌కి రండి. బేస్‌లోనో, సింథ్‌లోనో ఒక వరస ఎంచుకుని, ట్రాక్ మొదట్లో పది సెకన్లు విని, వెంటనే చివరికి వెళ్లి పది సెకన్లు వినండి. స్వరాలు అవే ఉండి గొంతు వేరుగా ఉంటే, మధ్యలో ఆ ప్రయాణం ఎక్కడ జరిగిందో వెతకండి. చాలాసార్లు ఒక చోటంటూ దొరకదు. నిమిషాల తరబడి మెల్లగా జరిగి ఉంటుంది.

బీట్ లేకపోతే

బీట్ లేకుండా మెల్లగా పరుచుకునే యాంబియంట్ ఆల్బమ్‌లకు పైన చెప్పిన లెక్కలు పనికిరావు. వాటికి స్టాప్‌వాచ్ కావాలి. ఇంగ్లిష్ సంగీతకారుడు బ్రయాన్ ఈనో 1978లో చేసిన మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్‌లో నాలుగే ట్రాక్‌లు. పేర్లు 1/1, 2/1, 1/2, 2/2. మొదటి అంకె ట్రాక్‌ది, రెండోది రికార్డు వైపుది. 2/1లో మనుషుల గొంతులు తప్ప ఏమీ ఉండవు. ఒక్కో స్వరాన్ని పాడించి, ఒక్కో టేపు ముక్కను చుట్టలా అతికించి తిప్పారు. ఒకటి 23.5 సెకన్లకోసారి, ఇంకోటి సుమారు 26 సెకన్లకు, మరోటి సుమారు 30 సెకన్లకు తిరిగి వస్తుంది. ఈ కొలతలు ఒకదానితో ఒకటి కలవవు కాబట్టి అవే స్వరాలు ఎప్పటికప్పుడు కొత్త జతలుగా పలుకుతాయి. ఒక్క గొంతును ఎంచుకుని అది మళ్లీ వచ్చేదాకా స్టాప్‌వాచ్ నడపండి. రెండుమూడు సార్లు సరిపోయాక స్టాప్‌వాచ్ పక్కన పడేసి దాని రాక కోసం ఊరికే ఎదురుచూడండి. మీ ఆల్బమ్‌లో కూడా ఇలాంటి చుట్టలు ఉండొచ్చు, వెతకండి.

శబ్దం ఎక్కడుంది?

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కళ్లు మూసుకోండి. ఏ శబ్దం ఎడమ, ఏది కుడి, ఏది నెత్తి మీద ఉన్నట్టుంది? ఏది దగ్గర, ఏది పెద్ద హాల్లోంచి వస్తున్నట్టుంది? దీనికో చిట్కా ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద మోనో ఆడియో అని ఉంటుంది. అది ఆన్ చేసి ఓ నిమిషం వినండి, తర్వాత ఆఫ్ చేయండి. ఆఫ్ చేసిన క్షణంలో ఏవి పక్కలకు విచ్చుకున్నాయో అవే ఆల్బమ్‌కి విశాలత ఇస్తున్నవి. కిక్, బేస్ దాదాపు ఎప్పుడూ మధ్యలోనే ఉంటాయి, కదలవు.

ఇంకోటి: కిక్ పడ్డ ప్రతిసారీ వెనకున్న సింథ్ కాస్త తగ్గి మళ్లీ లేస్తుందేమో చూడండి. ట్రాక్ ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. దీన్ని సైడ్‌చెయిన్ కంప్రెషన్ అంటారు. ఒకసారి తెలిశాక అన్నిచోట్లా వినిపిస్తుంది, కొన్నిచోట్ల చిరాకు కూడా పుడుతుంది.

ఎలా చేశారో చదవడం

ఇదంతా అయ్యాకే ఆల్బమ్ తయారీ గురించి చదవండి. ముందే చదివితే చదివింది వినిపిస్తుంది, ఉన్నది వినిపించదు. శాంపిల్స్, అంటే వేరే రికార్డుల్లోంచి తీసుకుని వాడిన ముక్కల, విషయంలో ఇది మరీ ముఖ్యం. డాఫ్ట్ పంక్ 2001 ఆల్బమ్ డిస్కవరీలోని హార్డర్, బెటర్, ఫాస్టర్, స్ట్రాంగర్‌కి మూలం ఎడ్విన్ బర్డ్‌సాంగ్ 1979లో చేసిన కోలా బాటిల్ బేబీ. అసలు పాట వింటే "ఇదేనా, కాపీ కొట్టారు" అనిపించడం మామూలే. ఓపిగ్గా రెండూ పక్కపక్కన పెట్టి వినండి. ఏ ముక్క తీసుకున్నారు, ఏది వదిలేశారు, ఎక్కడ కోశారు అని చూస్తే ఆ ఎంపికలోనే సగం పని కనబడుతుంది. డీజే షాడో 1996లో ఎండ్‌ట్రొడ్యూసింగ్‌ని దాదాపు పూర్తిగా పాత రికార్డుల ముక్కలతోనే, ఎంపీసీ60 అనే శాంప్లర్ మీద కట్టాడు. అలాంటి ఆల్బమ్ మీదైతే మూలాలు వెతకడానికే నెలలు పడుతుంది, తొందరేం లేదు.

పరికరాల జాబితాల్లో మాత్రం మునిగిపోకండి. ఏ సింథ్ వాడారో చెప్పగలగడం, ట్రాక్‌లో ఏం జరుగుతోందో చెప్పగలగడం వేరువేరు విషయాలు.

ఇంత దగ్గరగా విన్నాక కొన్ని వారాలు ఆ ఆల్బమ్ జోలికి పోకండి. ఈలోగా తర్వాత ఏం వినాలో చూసుకోవచ్చు. యాప్ చూపించే సిఫార్సులకన్నా మూడు దారులు మేలు: అదే లేబుల్ (రికార్డు సంస్థ), అదే ఏడాది, అదే యంత్రం. మూడోది నాకు ఎక్కువ ఇష్టం. ఒకే 808తో ఒకరు గంభీరమైనది, ఇంకొకరు కొంటెది చేసి ఉంటారు.

మీ ఆల్బమ్‌కి రీమాస్టర్, అంటే శబ్దం సరిచేసి మళ్లీ తెచ్చిన ప్రతి, వచ్చి ఉంటే పాతదీ కొత్తదీ పోల్చి చూడాలనిపిస్తుంది. కొత్తవి తరచుగా ఎక్కువ గట్టిగా ఉంటాయి, గట్టిగా ఉన్నది మెరుగ్గా ఉన్నట్టు చెవిని మోసం చేస్తుంది. కాబట్టి రెండూ ఒకే స్థాయిలో వినిపించేలా వాల్యూమ్ సరిచేసి, అదే 30 సెకన్ల ముక్కను మార్చి మార్చి వినండి. కిక్‌కీ కిక్‌కీ మధ్య ఖాళీ రెంటిలో ఎందులో ఎక్కువగా వినిపిస్తే నేనైతే దాన్నే ఉంచుకుంటాను. మీకు కొత్తదే నచ్చితే కొత్తదే పెట్టుకోండి.